అర్థమైనవారి ఋణం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వివరణ రాయడం - ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

కంప్యూటరులో తెలుగు రాసేవారిలో చాలామందికి 'గిడుగు', 'గురజాడ' అనే ఫాంట్లు పరిచితమే. వంశధార తీరాన, శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పేరు ఒకదానిది. విజయనగరాన్ని కార్యక్షేత్రంగా చేసుకున్న గురజాడ అప్పారావు (1862-1915) పేరు మరొకదానిది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడిన తెలుగు ఫాంట్ల సముదాయంలో ఇవి రెండు. ధూర్జటి, తిమ్మన, తెనాలి రామకృష్ణ మొదలైన పేర్లతో ఆ సముదాయంలో ఇంకా అనేకం ఉన్నాయి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదలయ్యాయి. ఆ లైసెన్స్ నియమాలకు లోబడి వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి నిర్మాణాన్ని పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు.

ఈ పేర్లలో ఒక ప్రశ్న దాగి ఉంది. రాసేది ఎవరికోసం, చదివేవాడికి అందని రాత రాత అవుతుందా అన్న విషయమై జీవితకాలం వాదించినవారు గిడుగు, గురజాడ. వారి పేర్లు మోసే ఫాంట్లతో పాటు పాఠకుడికి అందేది ఆంగ్లంలో ఒక చిన్న పరిచయం. ఏ పనికి ఏ ఫాంటు తగినది, సంయుక్తాక్షరాలు ఎలా ఏర్పడతాయి, దోషం కనిపిస్తే ఎవరికి, ఎలా తెలియజేయాలి, మార్చదలచినవాడు ఎక్కడ మొదలుపెట్టాలి అన్న సంగతులను తెలుగులో వివరించే పుస్తకం వాటి వెంట రాదు. ఈ లోటు ఈ ఫాంట్లకే పరిమితం కాదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సముదాయాలలో ప్రోగ్రాము ముందు నడుస్తుంది. డాక్యుమెంటేషన్ వెనుక కుంటుతూ వస్తుంది.

డాక్యుమెంటేషన్ అనే మాటకు ఈ వ్యాసంలో 'వివరణ' అనే మాటను వాడుతున్నాను. వివరణ రాయడం దాత చేసే అదనపు ఔదార్యమా, లేక ఎవరైనా తీర్చవలసిన బాధ్యతా? బాధ్యతే అయితే అది ఎవరిది? ఈ ప్రశ్నను నీతిశాస్త్ర దృష్టితోనూ, తెలుగు భాషాచరిత్ర అనుభవంతోనూ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అనుమతి, సామర్థ్యం

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ ఉద్యమం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు నాలుగు స్వేచ్ఛలను నిర్దేశించింది: ఏ ప్రయోజనానికైనా నడుపుకొనే స్వేచ్ఛ, ఎలా పనిచేస్తుందో అధ్యయనం చేసి మార్చుకొనే స్వేచ్ఛ, ప్రతులు పంచే స్వేచ్ఛ, మార్చిన ప్రతులు పంచే స్వేచ్ఛ. వీటిలో రెండవదే మన చర్చకు కీలకం. సోర్స్ కోడ్‌ను బయటపెట్టడంతో అధ్యయనానికి ఉన్న అడ్డు తొలగుతుంది. అడ్డు తొలగినంత మాత్రాన అధ్యయనం సాధ్యపడుతుందని చెప్పలేం. గ్రంథాలయం తలుపులు అందరికీ తెరిచి, పుస్తకాలకు పట్టిక లేకుండా గుట్టలుగా పోసినప్పుడు ఆ గ్రంథాలయాన్ని మూసి ఉంచారని అనలేం. తెరిచి ఉంచారని అనడమూ కష్టమే.

ఇక్కడ అనుమతికీ సామర్థ్యానికీ తేడా గుర్తించాలి. లైసెన్స్ ఇచ్చేది అనుమతి. వివరణ ఇచ్చేది సామర్థ్యం. ఈ తేడాను ఆ ఉద్యమం త్వరగానే గుర్తించింది. మాన్యువల్ అనేది ప్రోగ్రాములో విడదీయరాని భాగమని, ప్రోగ్రాము మారినప్పుడు మాన్యువల్ కూడా మారాలి కనుక దానికీ అదే స్వేచ్ఛ ఉండాలని స్టాల్‌మన్ వాదించారు. 2000లో వెలువడిన గ్నూ స్వేచ్ఛా డాక్యుమెంటేషన్ లైసెన్స్ ఈ ఆలోచన ఫలితమే. 1993లో ప్రారంభమైన డెబియన్ మరొక అడుగు వేసింది. ఒక ప్రోగ్రాముకు మాన్యువల్ పేజీ లేకపోవడాన్ని దాని నియమావళి దోషంగా లెక్కిస్తుంది. లెక్క తప్పు చూపే ప్రోగ్రాము ఎంత దోషభూయిష్టమో, తానేమి చేస్తుందో చెప్పని ప్రోగ్రాము కూడా అదే వర్గానికి చెందినదని దీని తాత్పర్యం.

కనిపించని అక్షరం

వివరణ లేకపోతే కలిగే నష్టం ఎలాంటిదో తెలుగు పరిశోధకులకు నేరుగా తగిలే ఒక ఉదాహరణతో చూద్దాం. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' పొల్లుగా నిలిచి 'వే' విడిగా రావాలి. మామూలుగా టైపు చేస్తే 'ట'కారం కింద 'వ'వత్తు చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది. రెండింటినీ విడిగా నిలపడానికి యూనికోడ్‌లో ఒక ప్రత్యేక సంకేతం ఉంది. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెర మీద అది కనిపించదు. కాని మాటలోపల ఒక అక్షరంగానే నిల్వ ఉంటుంది.

దీని సంగతి తెలియని పరిశోధక విద్యార్థి ఒక నవలను కంప్యూటరులోకి ఎక్కించి పదాల పట్టిక తయారుచేస్తున్నాడనుకుందాం. ఈ సంకేతం ఉన్న రూపాన్నీ లేని రూపాన్నీ చాలా ఉపకరణాలు రెండు వేర్వేరు పదాలుగా లెక్కిస్తాయి. ఒక రూపాన్ని వెతికితే రెండవది దొరకదు. సంకేతం ఉందో లేదో తెలియకుండా పదాల సంఖ్య మీద నిర్మించిన శైలీ విశ్లేషణ మొత్తం బలహీనపడుతుంది. ఇందులో విద్యార్థి అజాగ్రత్త లేదు. చూడగలిగినదంతా అతను చూశాడు. కనిపించని దాని గురించి అతనికి చెప్పగలిగినది వివరణ ఒక్కటే.

మరొక ఉదాహరణ. ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో చేరింది 2008లో. అంతకు ముందు తయారై, ఆ తరవాత మారని ఫాంటులో వాటి స్థానంలో ఖాళీ గడులు కనిపించే అవకాశం ఉంది. దంత్య, తాలవ్య ఉచ్చారణలను వేరుచేసి రాయవలసిన మాండలిక పరిశోధకుడికి ఇది చిన్న విషయం కాదు. ఫాంటులో ఏ అక్షరాలు ఉన్నాయో, ఏవి లేవో చెప్పే ఒక్క పేజీ అతనికి రోజుల శ్రమను తప్పిస్తుంది. ఆ పేజీ లేనప్పుడు అతను తన యంత్రాన్నో, తన తెలివినో తప్పుపడతాడు. తప్పు తనదేనని నమ్మించి పంపడం అతనికి జరిగే రెండవ అన్యాయం.

దాత పక్షం

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారిలో చాలామంది జీతం లేకుండా, తమ తీరిక వేళల్లో రాస్తారు. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నామని, ఏ హామీ లేదని లైసెన్స్‌లోనే స్పష్టంగా చెబుతారు. ఉచితంగా ఇచ్చినవాడిని 'ఇంకా ఇవ్వవలసి ఉంది' అని నిలదీయడం న్యాయమా? బావి తవ్వించినవాడే చేదా తాడూ కూడా జీవితాంతం సమకూర్చాలని అడిగితే రేపు బావి తవ్వించేవారు ఉండరు.

ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేం. దాత మీద అంతులేని బాధ్యత మోపే నీతి దానాన్నే ఆపేస్తుంది. అయితే రెండు విషయాలు గమనించాలి. మొదటిది, దాత చేసే ప్రకటన. 'ఇది అందరిదీ' అన్నప్పుడు ఆ 'అందరూ' అన్న మాటకు కొంత విలువ ఇవ్వాలి. ఇది ఏమి చేస్తుంది, ఏమి చేయదు, ఎవరికి ఉద్దేశించింది అన్న కనీస సమాచారం ఆ ప్రకటనలోనే భాగం. అంతవరకు అది దాత బాధ్యతే. రెండవది, అంతకు మించిన వివరణ భారం దాతది కాకపోయినంత మాత్రాన ఎవరిదీ కాదని తేలదు. అది గ్రహీతలలో ఒక వర్గానిది.

భారతీయ సంప్రదాయంలో ఋషిఋణం అనే భావన ఉంది. జ్ఞానం పొందినవాడు దాన్ని ఇచ్చినవారికి తిరిగి చెల్లించడు. అధ్యయనంతో నిలబెట్టి, తరవాతివారికి అందించి ఋణముక్తుడవుతాడు. ఈ భావనను మొదట చెప్పింది ఒక వర్ణాన్ని ఉద్దేశించి. దాని పరిధి సంకుచితం. ఆ పరిధిని తొలగించి చూసినా దాని నిర్మాణం మనకు పనికివస్తుంది. ఋణం పుట్టేది ఇవ్వడంలో కాదు, అర్థం కావడంలో. ఎవరికి అర్థమైందో వారు ఋణగ్రస్తులు. ఆ ఋణం వెనుకకు, దాత వైపు కాక ముందుకు, రాబోయే పాఠకుడి వైపు చెల్లుతుంది.

ఈ దృష్టితో చూస్తే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వివరణ రాయవలసిన మొదటి వ్యక్తి దాన్ని కష్టపడి ఇప్పుడే నేర్చుకున్నవాడు. ఇందుకు నైతిక కారణంతో పాటు జ్ఞానసంబంధమైన కారణం కూడా ఉంది. నిపుణుడు తన అజ్ఞానాన్ని మరచిపోతాడు. తనకు ఏది ఎప్పుడు అర్థం కాలేదో అతనికి గుర్తుండదు. అందువల్ల అతని వివరణలో మొదటి మెట్టు తరచుగా ఉండదు. కొత్తగా నేర్చినవాడికి ఆ మెట్టు మీద కాలు జారిన జ్ఞాపకం ఇంకా తాజాగా ఉంటుంది. ఆ జ్ఞాపకానికి ఆయుర్దాయం తక్కువ. కొన్ని వారాలు గడిచేసరికి అతనూ నిపుణుల జాబితాలో చేరిపోతాడు. ఋణం తీర్చే గడువు దాటిపోతుంది.

పర్లాకిమిడి నిదర్శనం

ఈ ఋణాన్ని తీర్చడం అంటే ఏమిటో కంప్యూటర్లు లేని కాలంలోనే ఈ ప్రాంతంలో ఒకరు చూపించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తికి సవర భాష పుట్టుకతో వచ్చినది కాదు. తెలుగు తెలిసిన సవరల సాయంతో, కొండల్లోని గూడేలకు వెళ్లి, విని, రాసుకొని నేర్చుకున్నారు. ఆ ప్రయాణాల్లో పట్టుకున్న మన్యపు జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. భాషను చెవితో నేర్చిన మనిషి చెల్లించిన మూల్యం అది.

నేర్చుకొని ఊరుకోవడానికి ఆయనకు అన్ని కారణాలూ ఉన్నాయి. అయినా ఊరుకోలేదు. 1931లో ఆయన సవర భాషా మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఇవి ఆంగ్లంలో రాసినవి. సవర పిల్లల కోసం రాసిన పాఠ్యపుస్తకాలు సవర భాషలో, తెలుగు లిపిలో రాసినవి. ఒకే భాషకు ఒకే వ్యక్తి రెండు రకాల వివరణలు చేయడం ఇక్కడ గమనించవలసిన అంశం. మాన్యువల్ పాఠకులు అధికారులు, భాషాశాస్త్రజ్ఞులు, బయటినుంచి వచ్చి సవర నేర్చుకొనేవారు. పాఠ్యపుస్తకాల పాఠకులు సవర ఇంటి పిల్లలు. ఒకరికి రాసినదాన్ని రెండోవారి చేతిలో పెట్టి పని పూర్తయిందని ఆయన అనుకోలేదు.

నేటి సాఫ్ట్‌వేర్ వివరణల ప్రధాన లోపం ఇక్కడే తేటపడుతుంది. చాలా సముదాయాలలో మాన్యువల్ ఉంటుంది, బాలశిక్ష ఉండదు. ప్రతి ఆదేశానికీ అర్థం చెప్పే పట్టిక ఉంటుంది. ఒక పనిని మొదటినుంచి చివరిదాకా చేయించే పాఠం ఉండదు. మన వ్యాఖ్యాన సంప్రదాయం ఈ తేడాలను ఎరుగును. సూత్రం వేరు, వృత్తి వేరు, వార్తికం వేరు, భాష్యం వేరు. పాణిని సూత్రాలు సంపూర్ణమైనవని ఎవరూ పతంజలి భాష్యాన్ని అనవసరమనలేదు. సూత్రం తెలిసినవాడికి జ్ఞాపిక. భాష్యం తెలుసుకోదలచినవాడికి దారి.

ఎవరి తెలుగు?

తెలుగులో వివరణ రాయాలన్న వెంటనే ఏ తెలుగు అన్న ప్రశ్న వస్తుంది. నూరేళ్ల కిందటి వివాదం ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతుంది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం వ్యావహారిక పక్షాన నిలిచిన ప్రధాన వాదాలలో ఒకటి. ఆ పత్రాన్ని ఆయన ఆంగ్లంలో రాశారు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం తొలి ముద్రణకు పీఠిక కూడా ఆంగ్లంలోనే రాశారు. నాటకంలో మాత్రం పాత్రలు విజయనగర ప్రాంతపు మాటలే మాట్లాడతాయి. ఇది వైరుధ్యంగా కనిపించవచ్చు. పాఠకుడెవరో చూసుకొని భాషను ఎన్నుకోవడమే ఆయన సూత్రమని గ్రహిస్తే ఇందులో వైరుధ్యం లేదు.

తెలుగు వికీపీడియాలో ఫైలును 'దస్త్రం' అంటారు. కొందరికి ఇది అచ్చమైన తెలుగులా వినిపిస్తుంది. నిజానికి ఇది పారసీక మూలం నుంచి కచేరీల ద్వారా వచ్చిన మాట. శ్రీకాకుళం జిల్లాలో ఒక రైతు తన భూమి కాగితాల సంగతి చెప్పేటప్పుడు ఫైలు ఏ బల్ల మీద ఆగిందో అడుగుతాడు. అతనికి ఫైలు అన్న మాట పరాయిది కాదు. రెండు మాటల్లో ఏది స్వచ్ఛం అన్న ప్రశ్నకు ఇక్కడ ప్రయోజనం తక్కువ. ఏ మాట దగ్గర పాఠకుడు ఆగిపోతాడు అన్నది అడగవలసిన ప్రశ్న. కొత్త పారిభాషిక పదం కావలసిన చోట సృష్టించాలి. దాన్ని మొదటిసారి వాడినప్పుడు వివరించాలి. ఆ పుస్తకం పొడుగునా అదే మాటను నిలకడగా వాడాలి. ఒక పేజీలో 'దస్త్రం', మరో పేజీలో 'ఫైలు', ఇంకో పేజీలో 'పత్రం' అని రాస్తే అవి మూడు వేర్వేరు వస్తువులని కొత్త పాఠకుడు భ్రమపడతాడు. శైలిలో వైవిధ్యం కావ్యానికి గుణం. వాడుక వివరణకు దోషం.

తెలియదని చెప్పడం

వివరణకు మరొక నైతిక పార్శ్వం ఉంది: సత్యం. 1971 నవంబరులో వెలువడిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లో ఆదేశం పేరు, వాడే పద్ధతి, వివరణలతో పాటు 'దోషాలు' అనే శీర్షిక కూడా కనిపిస్తుంది. రచయిత తన పనిలోని లోపాలను తానే ఒప్పుకొనే చోటు అది. ఆ ఆదేశం ఎవరి బాధ్యతలో ఉందో చెప్పే శీర్షికా అందులో ఉంది. ప్రశంసలు నిండిన పీఠికల మధ్య పెరిగిన మనకు ఈ నిరాడంబరమైన అలవాటు నుంచి నేర్చుకోవలసినది ఉంది.

కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు రెండు హద్దులు పెట్టుకున్నారు: ఆధారం లేనిది రాయకపోవడం, అవసరం లేనిది చెప్పకపోవడం. సాఫ్ట్‌వేర్ వివరణకు ఇంతకంటె మంచి నియమం అక్కరలేదు. దీనికి ఒక్క విషయం చేర్చాలి. కావ్యమూలం స్థిరం, సాఫ్ట్‌వేర్ మారుతూ ఉంటుంది. నిన్నటి సత్యం నేటి వెర్షన్‌లో అబద్ధం కావచ్చు. తప్పుదారి చూపే పలక కంటె పలక లేని కూడలి మేలు, ఎందుకంటే పలక లేనప్పుడు బాటసారి ఎవరినైనా అడుగుతాడు. కనుక ఏ వెర్షన్‌కు రాశారో, ఎప్పుడు సరిచూశారో చెప్పని వివరణ అసంపూర్ణం. యంత్రానువాదంతో పేజీలు నింపి సరిచూడకుండా వదిలేయడం ఋణం తీర్చడం కాదు, పెంచడం.

తెలుగు శాఖల బాధ్యత

ఈ చర్చ కంప్యూటర్ విజ్ఞానశాస్త్ర విభాగాలకు చెందినదని తోచవచ్చు. నా అభిప్రాయం వేరు. ఏమి చేయాలో యంత్రానికి చెప్పడమే ప్రధానమనుకోకుండా, యంత్రం ఏమి చేయాలని మనం కోరుతున్నామో మనుషులకు వివరించడం మీద దృష్టి పెట్టాలని డోనాల్డ్ నూత్ 1984లోనే ప్రతిపాదించారు. మనుషులు చదివే రచన అయినప్పుడు అది భాషాసాహిత్య విభాగాల పరిధిలోకి వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలలకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చే విద్యార్థులు, సవర మొదలైన గిరిజన భాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే విద్యార్థులు ఉన్నారు. వారు దేనిదగ్గర ఆగిపోతున్నారో తెలుసుకొనే అవకాశం తరగతి గదిలో ఉన్న ఉపాధ్యాయుడికి ఉన్నంతగా దూరాన ఉన్న ప్రోగ్రామరుకు ఉండదు.

చేయగలిగిన పనులు అందుబాటులోనే ఉన్నాయి. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకి ఒక సంక్షిప్త వివరణ, ఒక విస్తృత వివరణ ఉంటాయి. వాటిని ఇతర భాషల్లోకి అనువదించే ఏర్పాటు ఉంది. ఒక స్నాతకోత్తర విద్యార్థి ఒక ఫాంటును తీసుకొని, సంయుక్తాక్షరాలన్నీ పరీక్షించి, ఉన్నవీ లేనివీ పట్టిక వేసి, వాడే పద్ధతిని తెలుగులో రాయవచ్చు. రాసినదాన్ని ఆ విషయం తెలియని మరొకరి చేతికిచ్చి, పక్కన మాట్లాడకుండా కూర్చుని, ఎక్కడ తడబడ్డారో గుర్తించి, తిరిగి రాయవచ్చు. ఈ పరీక్ష ఏ వ్యాకరణ పరీక్ష కంటె కఠినమైనది.

ఇక్కడ మన వ్యవస్థ గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఇలాంటి రచన పరిశోధనగా లెక్కకు రావడం అరుదు. ఒక కావ్యంలోని అలంకారాల జాబితాకు దక్కే గుర్తింపు, వందలమందికి దారిచూపే వాడుక పుస్తకానికి దక్కదు. గిడుగు సవర నిఘంటువును మనం గౌరవిస్తాం. అలాంటి పనిని నేడు చేయబోయే విద్యార్థికి అంశం మార్చుకొమ్మని సలహా ఇస్తాం. ఋణం ఉందని ఒప్పుకొని, దాన్ని తీర్చేవారికి చోటు ఇవ్వకపోవడం న్యాయం కాదు.

ముగింపు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఒక దానం. దాని గురించిన కనీస సమాచారం ఇవ్వడం దాత ధర్మం. దాన్ని పదిమందికీ అందేలా వివరించడం అర్థమైనవారి ఋణం. ఈ రెండింటినీ కలిపి దాత నెత్తిన పెట్టడం వల్ల దాత అలసిపోతున్నాడు, పాఠకుడు దారితప్పుతున్నాడు, అర్థమైనవారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. ఆ నిశ్చింతను ప్రశ్నించడమే ఈ వ్యాసం చేసిన పని.

మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఫాంటును, ఏదో ఒక కీబోర్డు పద్ధతిని, ఏదో ఒక ఉపకరణాన్ని ఎవరినో అడిగి, విసిగి, చివరికి నేర్చుకున్నవారమే. అలా నేర్చుకున్న ఒక్క సంగతిని తేదీ వేసి, వెర్షన్ రాసి, తెలియనిది తెలియదని ఒప్పుకొంటూ ఒక పేజీలో తెలుగులో రాసి పెడితే ఆ మేరకు ఋణం తీరుతుంది. గిడుగు, గురజాడల పేర్లు పెట్టుకున్న ఫాంట్లకు తెలుగులో మొదటి వాడుక పుస్తకం వారి జిల్లాలలోని ఒక తెలుగు శాఖ నుంచి వెలువడడం సముచితం.